ఐఓటీ అనుసంధాన భద్రత: కోడ్‌లో తనిఖీ ఎలా పరిణమించింది?

పొలంలోని మోటారును ఫోన్‌తో నడిపించే పరికరం ఒకటి ఉందనుకుందాం. అది సర్వర్‌తో కలిసిందని తెరపై కనిపిస్తుంది. అంతమాత్రాన ఆ అనుసంధానం సురక్షితమని చెప్పవచ్చా? చెప్పలేం. రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు కావాలి. సమాచారం మధ్యలో ఎవరూ చదవలేని విధంగా గుప్తరూపంలో వెళ్తోందా? అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా? భద్రతా ప్రోటోకాల్‌లను రూపొందించినవారికి ఈ తేడా మొదటినుంచీ తెలుసు. కానీ అది ప్రోగ్రామర్ల ఆచరణలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ క్రమాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

ఐఓటీలో విరివిగా వాడే ఎంక్యూటీటీ ప్రోటోకాల్‌ను ఆర్లెన్ నిప్పర్, ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్ కలిసి 1999లో రూపొందించారు. చమురు పైపులైన్లను ఉపగ్రహం ద్వారా పర్యవేక్షించడం దాని తొలి అవసరం. అందువల్ల తక్కువ డేటాతో, తక్కువ విద్యుత్తుతో పనిచేయడమే లక్ష్యమైంది. సమాచారాన్ని గుప్తపరచే పని అందులో భాగం కాదు. దానికి టీఎల్ఎస్ అనే మరో పొరను జోడించుకోవాలి. నెట్‌స్కేప్ సంస్థ రూపొందించిన ఎస్ఎస్ఎల్ ఆధారంగా టీఎల్ఎస్ 1.0 కూడా 1999లోనే వెలువడింది. అందుకే నేటికీ సాదా ఎంక్యూటీటీకి 1883, టీఎల్ఎస్‌తో కూడినదానికి 8883 అని రెండు పోర్టులు వాడుకలో ఉన్నాయి. అయితే పోర్టు సంఖ్య ఒక ఆనవాయితీ మాత్రమేనని, భద్రతకు రుజువు కాదని మీరు గుర్తుంచుకోవాలి.

టీఎల్ఎస్‌లో సర్వర్ తన సర్టిఫికెట్‌ను పంపుతుంది. దానిపై నమ్మదగిన సంస్థ సంతకం ఉందా, అందులోని పేరు మనం కోరిన సర్వర్‌దేనా, గడువు తీరలేదు కదా అన్న మూడు అంశాలను సరిచూడాలి. బ్రౌజర్ ఈ పని మన తరఫున చేసి, తేడా ఉంటే హెచ్చరిస్తుంది. మోటారు పరికరం ముందు హెచ్చరిక చదివే మనిషి ఉండడు. నిర్ణయమంతా కోడ్‌దే.

బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్‌లో ఈ తనిఖీ ఎంత బలహీనంగా ఉందో 2012లో టెక్సస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూపారు. ఉదాహరణకు, సీయూఆర్ఎల్ లైబ్రరీలో పేరు సరిపోల్చాలంటే అప్పట్లో ఒక ఐచ్ఛికానికి 2 అని విలువ ఇవ్వవలసి ఉండేది. కొందరు ప్రోగ్రామర్లు 'ట్రూ' అని రాశారు. కంప్యూటర్ దాన్ని 1గా తీసుకుంది. దాంతో పేరు సరిపోల్చడం ఆగిపోయింది. భద్రత పెంచామనుకున్నవారే దాన్ని తొలగించినట్లయింది.

2014 ఫిబ్రవరిలో యాపిల్ సంస్థ ఒక లోపాన్ని సరిదిద్దింది. 'గోటూ ఫెయిల్' అనే పంక్తి కోడ్‌లో పొరపాటున రెండుసార్లు పడింది. ఫలితంగా సర్వర్ సంతకాన్ని సరిచూసే దశను ప్రోగ్రాము దాటవేసింది. అనుసంధానం మాత్రం యథావిధిగా కుదిరేది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన పైథాన్ 2.7.9లో మరో మలుపు వచ్చింది. హెచ్‌టీటీపీఎస్ అనుసంధానాలలో సర్టిఫికెట్ తనిఖీ దానంతట అదే జరిగే ఏర్పాటు చేశారు. అంతకుముందు ప్రోగ్రామర్ ప్రత్యేకంగా కోరవలసి వచ్చేది.

చిన్న పరికరాలకు మరో చిక్కు ఉంది. సొంత గడియారం లేని పరికరాలు చాలావరకు ఆన్ కాగానే తేదీని 1970 జనవరి 1గా భావిస్తాయి. అప్పుడు సరైన సర్టిఫికెట్ కూడా చెల్లదు. ముందుగా నెట్‌వర్క్ నుంచి సమయాన్ని తెచ్చుకోవడం సరైన పరిష్కారం. తనిఖీనే ఆపివేయడం సులువైన దారి. ఈఎస్‌పీ8266 చిప్‌కు వాడే ఆర్డుయినో లైబ్రరీలో దీనికి 'సెట్ఇన్‌సెక్యూర్' అనే ఆదేశం ఉంది. ప్రయోగం కోసం రాసిన ఆ ఒక్క పంక్తి తుది పరికరంలో మిగిలిపోతే, సర్వర్‌గా నటించే ఎవరైనా మీ మోటారును నడపగలరు.

ఈ చరిత్ర నేర్పే పాఠం ఒక్కటే: సరైన సర్వర్‌తో కలవడం భద్రతకు పరీక్ష కాదు. తప్పు సర్వర్‌ను తిరస్కరించడమే అసలు పరీక్ష.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గడువు తీరిన సర్టిఫికెట్, వేరే పేరున్న సర్టిఫికెట్, సొంతంగా సంతకం చేసుకున్న సర్టిఫికెట్ గల మూడు సర్వర్లకు మీ కోడ్‌ను కలిపి చూడండి. ఏ ఒక్కదానితో అనుసంధానం కుదిరినా, లోపం ఏ తనిఖీలో ఉందో గుర్తించి రాయండి.