వ్యాధుల పేర్ల పట్టిక - దాని చరిత్ర

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయ మొకటి ప్రారంభమైనది. ఆ క్షయకు మన దేశమున పేర్లు పెక్కు. ఆయుర్వేదము దానిని రాజయక్ష్మ మన్నది. జనులు క్షయ అన్నారు, డాక్టర్లు టి.బి. అన్నారు. 1882లో దాని సూక్ష్మజీవిని కనుగొన్న రాబర్ట్ కాక్ పేరిట కాక్స్ వ్యాధి అనియు వైద్యులు వ్రాయుట కలదు. వ్యాధి ఒకటే. కాని పేర్లు నాలుగైనప్పుడు, లెక్క వ్రాయువాడు నాలుగు వ్యాధులని పొరబడవచ్చును.

ఈ చిక్కును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ముఖ్యుడు విలియం ఫార్. ఇంగ్లండులో జననమరణముల నమోదు కార్యాలయమున పనిచేయుచు, ఒక్కొక్క వ్యాధికి మూడు నాలుగు పేర్లుండుటయు, ఒకే పేరు అనేక వ్యాధులకు వాడబడుటయు ఆయన 1839లో ఎత్తి చూపినాడు. తూనికలు కొలతలు సరిగా లేనిదే భౌతికశాస్త్రము సాగదు; అట్లే పేర్లు స్థిరముగా లేనిదే వ్యాధుల లెక్క సాగదని ఆయన భావము.

1893లో చికాగో నగరమున జరిగిన సభలో ఫ్రాన్సు దేశీయుడు జాక్ బెర్టిలాన్ మరణకారణముల పట్టిక నొకదానిని సమర్పించినాడు. 1900లో పారిసునందు పలు దేశములవారు చేరి దానిని సవరించినారు. మొదట అది మృతుల లెక్కకే ఉపయోగపడినది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన ఆరవ సవరణయందు జీవించియున్న రోగుల వ్యాధులకును చోటు దొరికినది. పదియవ సవరణ 1990లో ఆమోదము పొందినది. పదునొకండవది 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

పదియవ సవరణలో ప్రతి వ్యాధికిని ఒక అక్షరము, కొన్ని అంకెలు గల సంకేత ముండును. ఇప్పుడే వచ్చిన గుండెపోటు, అనగా నాలుగు వారములకు లోబడినది, ఐ-21. ఎప్పుడో వచ్చి మానినది ఐ-25.2. వ్రాతలో తేడా స్వల్పము. ఫలితములో తేడా గొప్పది.

ఎట్లనగా, మన దేశమున 1986లో మెడిక్లెయిము బీమా వచ్చినది. పేదల కొరకు ఆంధ్రప్రదేశములో 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమై, ఆ సంవత్సరముననే చిత్తూరు జిల్లాకును విస్తరించినది. ఇట్లు వైద్యుని వ్రాత డబ్బు చెల్లింపునకు ఆధారమైనది. సొంత పాలసీలలో, పాలసీ తీసికొనక ముందే యున్న వ్యాధికి కొంతకాలము పరిహార ముండదు. 2024 నిబంధనల ప్రకార మా గడువు మూడేండ్లకు మించరాదు.

తిరుపతిలో ఒక కుటుంబ యజమానికి గుండెపోటు వచ్చినదనుకొందము. పాలసీ తీసికొని ఏడాదియే అయినది. గుమాస్తా పొరపాటున ఐ-21కి బదులు ఐ-25.2 పడినచో, బీమా సంస్థ దానిని పాత జబ్బుగా నెంచి క్లెయిమును త్రోసిపుచ్చవచ్చును. ఆసుపత్రి బిల్లు అప్పుగా ఇంటిమీద పడును.

ఇట్టిచోట సత్యమును తేల్చునది రోగి శరీరమే. గుండె కండరము దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ అను ప్రోటీను కొన్ని గంటలలో రక్తమున పెరిగి, ఒకటి రెండు వారములలో తగ్గిపోవును. పాత మచ్చ ఇట్టి ఎగుడుదిగుడును చూపదు. కావున రక్తపరీక్షలు, వరుసగా తీసిన ఇ.సి.జి.లు, డిశ్చార్జి పత్రము, చికిత్స చేసిన వైద్యుని సవరణ పత్రము కలిపి మొదట బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి అప్పీలు చేయవలెను. నిరాకరణ కారణమును వ్రాతమూలకముగా తీసికొనుట మరువరాదు. నెలలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. తుది నిరాకరణ జరిగిన ఏడాదిలోపల ఆ పని జరుగవలెను. అచ్చట రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

సంకేతమును మార్చి వ్రాసినంత మాత్రమున చాలదు. మార్పునకు పరీక్షల సాక్ష్యము ఉండవలెను. సాక్ష్యము లేని మార్పు మోసమగును. సాక్ష్యముండియు అడుగక ఊరకుండుట నష్టమగును. ఆసుపత్రి విడుచునాడే డిశ్చార్జి పత్రమును చదివి, వ్యాధి పేరును, తేదీలను సరిచూచుకొనుట ఉత్తమము. ఫార్ కోరినది సరియైన లెక్క. ఆ లెక్కలోని ఒక్క అంకె నేడు ఒక కుటుంబమును అప్పునుండి కాపాడగలదు.