‘లైను’: ఒక ఆదాన పదం, అనేకార్థాలు – అన్నవరం ఆధారంగా చారిత్రక పరిశీలన

తెలుగువారి నిత్యవ్యవహారంలో స్థిరపడిన ఆంగ్ల పదాలలో ‘లైను’ ఒకటి. అవిసె నారను తెలిపే లాటిన్ పదం ‘లీనుమ్’ నుండి ఏర్పడిన ‘లీనియా’ దీనికి మూలం. నారదారమనే తొలి అర్థం నుండి ఆంగ్లంలో ఇది గీత, వరుస, మార్గం, పద్యపాదం, వంశక్రమం, వృత్తి వంటి అర్థాలకు విస్తరించింది. వీటన్నింటినీ తెలుగు సమానంగా స్వీకరించలేదు. ఆ ఎంపికకు కారణాలను పరిశీలించడానికి అన్నవరం తగిన క్షేత్రం.

రత్నగిరిపై సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ 1891లో జరిగింది. 1893–1896 మధ్య బెజవాడ–కటకం రైలుమార్గం దశలవారీగా ప్రారంభమైంది. 1900లో రాజమండ్రి వద్ద హేవ్‌లాక్ వంతెన పూర్తయింది. ఆ మార్గంలోనే అన్నవరం స్టేషను ఉంది. రైలుతో ‘లైను’ మార్గవాచకంగా వ్యాపించింది. ముందున్న స్టేషను వరకు పట్టాలు ఖాళీగా ఉన్నాయని తెలిపే ‘లైన్ క్లియర్’, నేడు పత్రికాభాషలో ఏ పనికైనా ఆటంకం తొలగిందన్న అర్థంలో వాడుకలో ఉంది. విద్యుత్తుతో ‘లైన్‌మన్’, టెలిఫోనుతో ‘లైనులో ఉండండి’, పోలీసు వ్యవస్థతో నివాసవాచకమైన ‘పోలీసు లైన్లు’ వచ్చాయి.

కొండపై దర్శనానికి భక్తులు నిలిచేది ‘క్యూలైను’లో. ఫ్రెంచిలో తోక అని అర్థమిచ్చే ‘క్యూ’, ‘లైను’ కలిసిన ఈ సమాసంలో రెండు పదాలూ బారునే సూచిస్తాయి. తెలుగులో ‘వరుస’ ఉండగా దీని అవసరమేమిటి? ‘వరుస’ క్రమాన్ని, బంధుత్వాన్ని తెలుపుతుంది. ‘క్యూలైను’ టిక్కెట్టు, కటకటాలు, పర్యవేక్షణ గల నియంత్రిత నిరీక్షణను తెలుపుతుంది. కనుక ఆదానానికి కారణం పదలోపం కాదు, వ్యవస్థ కొత్తదనం.

దీనికి విపర్యయం కూడా అక్కడే కనిపిస్తుంది. వ్రతసంకల్పంలో దంపతులు చెప్పుకొనేది గోత్రం. బంధుత్వం కలిపేది వరుస. భోజనానికి కూర్చునేది పంక్తి. ఈ ఆచారాలు పూర్వం నుండి ఉన్నవి కావడంతో వంశ, బంధుత్వ, సహపంక్తి అర్థాలలోకి ‘లైను’ ప్రవేశించలేకపోయింది.

తెలుగులో వాడుకైన అన్యదేశ్యాలకు సి. పి. బ్రౌన్ 1854లోనే ప్రత్యేక నిఘంటువు వెలువరించాడు. ఆ మార్గాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లవలసి ఉంది. ‘లైను’కు ‘వరుస’ అని ఒక్క పర్యాయపదం ఇచ్చే నిఘంటువులో ఈ చరిత్ర లుప్తమవుతుంది. ప్రతి అర్థాన్నీ దానిని తెచ్చిన వ్యవస్థతో, కాలంతో జోడించి నమోదు చేసినప్పుడే ఆదాన పదం సామాజిక చరిత్రకు ఆధారమవుతుంది.