గుండె లయ మందులు: సురక్షిత వాడకం

గుండె లయ తప్పడం అనేక రకాలు. తరచుగా కనిపించేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఈ జబ్బుల మందులు లయను చక్కదిద్దగలవు, మరింత చెడగొట్టగలవు కూడా. గుండెపోటు వచ్చినవారిలో ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మరణాలను పెంచాయని 1989లో కాస్ట్ పరిశోధన బయటపెట్టింది. అందుకే పాత చీటీతో సొంతంగా మందు కొనుక్కోవడం ప్రమాదం.

రుమాటిక్ జ్వరంతో మైట్రల్ కవాటం ఇరుకైనవారు మన దేశంలో ఎక్కువ. వారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంటే రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ ఇస్తారు. ఈ రకం మందులే రివరోక్సబాన్ కంటే మేలని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది. రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్ఆర్ సాధారణంగా 2–3 మధ్య ఉండాలి. తోటకూర, గోంగూర మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళంలో తింటే చాలు. లయ మందు అమియోడరోన్ తోడైతే వార్ఫరిన్ బలం పెరిగి రక్తస్రావం కావచ్చు. అమియోడరోన్ వాడేవారికి థైరాయిడ్, కాలేయ పరీక్షలూ తప్పవు. డిగాక్సిన్ వాడేవారికి వాంతులు, చూపులో పసుపుఛాయ కనిపిస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి. మూత్రపిండాలు బలహీనపడ్డవారికి ఇలా డిగాక్సిన్ వికటించే ముప్పు ఎక్కువ.

దూర ప్రయాణాల్లోనూ మందులు చేతికి అందేలా ఉండాలి. ఉదాహరణకు, హౌరా పక్కన సంత్రాగాఛిలో రైలెక్కితే విజయవాడ మీదుగా చెన్నై చేరడానికి రోజు దాటుతుంది. మాత్రలు బెర్తు కింది పెట్టెలో కాక చేతిసంచిలో, మందుల చీటీతో సహా ఉండాలి. ఒక మోతాదు మరిచిపోతే తర్వాత రెండూ కలిపి మింగకూడదు.