ఇంటికీ కచేరీకీ నడుమ మూడో చోటు

లైంగిక హింసకు గురైన పిల్లలు తమకు జరిగింది చెప్పుకోవడానికి లోకం చాలాకాలం రెండే చోట్లు చూపించింది. ఒకటి ఇల్లు, రెండోది కచేరీ. ఇంట్లో చెబితే పరువు అడ్డం వస్తుంది. చాలాసార్లు హాని చేసినవాడు ఆ ఇంటి మనిషో, ఆ గడప తొక్కే చుట్టమో, పక్కింటివాడో అయి ఉంటాడు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింది కేసుల్లో నిందితులు పదింట తొమ్మిదికి పైగా బిడ్డకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. ఇక కచేరీ సంగతి చెప్పనక్కర్లేదు. ఖాకీ బట్టలు, నల్లకోట్లు, వరండా నిండా జనం, ఎదురుగా ముద్దాయి. ఈ రెంటికీ చెందని మూడో చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన రూపం దిద్దుకుని నలభై ఏళ్లే అయింది. ఆ చోటును పిల్లల మీద జాలితో ఏర్పాటుచేసిన సదుపాయంగా చూడటం మనకు అలవాటు. దాని చరిత్రను వరుసగా చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది. జాలి దాన్ని మొదలుపెట్టి ఉండవచ్చు గానీ, నిలబెట్టింది మాత్రం నిజం రాబట్టాలన్న అవసరం. భయపడిన బిడ్డ నోట నిజం పూర్తిగా రాదు. బతిమాలి, ఊరించి, నోటికి మాట అందించి పలికించిన బిడ్డ నోటా రాదు. ఈ రెండు సంగతులూ తెలుసుకోవడానికి న్యాయస్థానాలు చాలా మూల్యమే చెల్లించాయి, పిల్లలు అంతకంటే ఎక్కువ చెల్లించారు.

1874 ఏప్రిల్‌లో న్యూయార్క్ కోర్టుకు మేరీ ఎలెన్ అనే చిన్నపిల్లను దుప్పటి చుట్టి తీసుకొచ్చారు. పెంపుడు తల్లి కొట్టిన దెబ్బలు ఒంటినిండా ఉన్నాయి. ఆ పిల్ల గురించి ఎట్టా వీలర్ అనే సేవకురాలు తిరగని చోటు లేదు. చివరికి ఆమె మొర విన్నది జంతువులపై క్రూరత్వాన్ని ఆపే సంఘం పెట్టిన హెన్రీ బెర్గ్. న్యాయమూర్తి ముందు ఆ పిల్ల తన నోటితోనే సంగతంతా చెప్పింది, పెంపుడు తల్లికి శిక్ష పడింది, ఆ ఊపులో పిల్లల రక్షణకు తొలి సంఘం పుట్టింది. ఈ కథను విజయంగా చెప్పుకుంటారు, విజయమే. కానీ దాని తర్వాత నూరేళ్లపాటు పిల్లల రక్షణ అంటే బిడ్డను చెడ్డ ఇంటి నుంచి తప్పించడం అనే అర్థమే సాగింది. బిడ్డ ఎక్కడ నిలబడి, ఎవరికి, ఎన్నిసార్లు చెప్పాలి అన్న ప్రశ్నను అడిగినవాళ్లు అరుదు.

మన దేశంలో చట్టం బిడ్డ సాక్ష్యానికి తలుపు మూయలేదు. 1872 సాక్ష్యాధారాల చట్టంలోని 118వ సెక్షన్ సాక్షికి కనీస వయసంటూ ఏదీ పెట్టలేదు. ప్రశ్న అర్థం చేసుకుని సబబుగా జవాబు చెప్పగలిగితే చాలు. 1950ల తొలినాళ్లలో రామేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఎనిమిదేళ్ల పిల్ల సాక్ష్యం. ఆమె చేత ప్రమాణం చేయించలేదన్న కారణంతో ఆ మాటను తోసెయ్యనక్కర్లేదని కోర్టు చెప్పింది. అంటే తలుపు తెరిచే ఉంది. తలుపు అవతల ఉన్న గది మాత్రం పెద్దవాళ్ల కొలతలతో కట్టింది. బోను కొయ్య గుండెల దాకా వచ్చే పిల్ల అందులో నిలబడి, తనను పాడుచేసినవాడి ఎదుట, తనకు పేరు తెలియని అవయవాల గురించి, తన భాష కాని భాషలో సాగే వాదనల మధ్య జవాబు చెప్పాలి. దానికి ముందే ఠాణాలో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, మేజిస్ట్రేటు దగ్గర ఒకసారి చెప్పి ఉంటుంది. ప్రతిసారీ చెప్పే తీరు కొంచెం మారుతుంది, ఎందుకంటే అడిగేవాళ్లు మారారు, ప్రశ్నలు మారాయి, బిడ్డ వయసూ మారింది. ఆ తేడాలన్నీ పోగుచేసి అబద్ధమని చూపించడం అవతలి వకీలుకు కష్టం కాదు. బిడ్డను అన్నిసార్లు చెప్పించింది వ్యవస్థ, దాని ఫలితం అనుభవించింది బిడ్డ.

బిడ్డను ఇలా తిప్పడం మీద గట్టి తిరుగుబాటు చేసినవాడు ఒక ప్రాసిక్యూటర్ కావడం గమనించాల్సిన విషయం. అమెరికాలో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్ పట్టణంలో బడ్ క్రామర్ జిల్లా అటార్నీగా ఉండేవాడు. బిడ్డ ఒక్కో ఆఫీసుకూ వెళ్లి అదే కథ మొదటినుంచీ చెప్పుకోవడం వల్ల బిడ్డా నలుగుతోంది, కేసూ నలుగుతోంది అని అతనికి అర్థమైంది. 1985లో ఒక మామూలు ఇంటిని తీసుకుని, పోలీసు, సాంఘిక కార్యకర్త, డాక్టరు, ప్రాసిక్యూటర్ అందరూ అక్కడికే వచ్చేలా ఏర్పాటు చేశాడు. బిడ్డ ఆఫీసుల చుట్టూ తిరగదు, ఆఫీసులే బిడ్డ దగ్గరికి వస్తాయి. అలా తిరగెయ్యడమే ఈ చరిత్రలో అసలు మలుపు. గోడ మీది బొమ్మలూ, చిన్న కుర్చీలూ తర్వాతి సంగతి.

అయితే అదే కాలంలో, అదే దేశంలో జరిగిన మరో ఘటన ఈ ఆలోచనకు గట్టి దెబ్బ కొట్టింది. కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ శిశుపాఠశాల మీద 1983లో ఒక ఫిర్యాదు వచ్చింది. వందల మంది పిల్లలను పిలిచి, బొమ్మలతో ఆడిస్తూ, ఎంతో ప్రేమగా ప్రశ్నలు వేశారు. కానీ ఆ ప్రశ్నల్లోనే జవాబులు ఉండేవి. మిగతా పిల్లలు చెప్పేశారు, నువ్వూ తెలివిగలదానివి కదా, చెప్పు అన్నట్టు సాగేవి. చెప్పని బిడ్డను మళ్లీ మళ్లీ అడిగేవారు, చెప్పిన బిడ్డను మెచ్చుకునేవారు. ఏడుగురి మీద అభియోగాలు మోపారు. ఏళ్లతరబడి విచారణ సాగి 1990లో ముగిసేసరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. ఇంగ్లండులో 1987లో క్లీవ్‌లాండ్‌లో ప్రధానంగా వైద్యపరీక్షనే పట్టుకుని 121 మంది పిల్లలు లైంగిక హింసకు గురయ్యారని నిర్ధారించి, చాలామందిని ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. వారిలో ఎక్కువమందిని తర్వాత తిరిగి పంపాల్సి వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన బట్లర్-స్లాస్ నివేదిక, బిడ్డ ఒక మనిషి, ఆందోళనకు వస్తువు కాదని గుర్తుచేసింది. పిల్లల మాట నమ్మరాదని వాదించేవాళ్లు ఈ రెండు ఉదంతాలనూ ఇప్పటికీ ముందుకు తెస్తారు. ఆ వాదనను తేలిగ్గా తీసెయ్యకూడదు. తప్పుడు ఆరోపణ వల్ల ఒక మనిషి జీవితం కూలిపోతుంది, పదే పదే అడిగి నమ్మించిన బిడ్డకు లేని గాయం ఒకటి మనసులో మిగులుతుంది. కానీ ఈ ఉదంతాలు నిజానికి దేన్ని రుజువు చేశాయి? పిల్లలు అబద్ధాలకోరులని కాదు. అడగడం చేతకానివాళ్లు అడిగారని. మెత్తని సోఫా వేసినంత మాత్రాన గది సురక్షితం కాదని, అక్కడ కూర్చునే మనిషికి శిక్షణ కావాలని తేల్చాయి. ఆ దెబ్బ నుంచే అడిగే పద్ధతి మీద పరిశోధన పెరిగింది. మైఖేల్ లాంబ్, ఆయన సహచరులు తయారుచేసిన ఎన్‌ఐసీహెచ్‌డీ పద్ధతి 2000 నాటికి అచ్చయింది. ముందు బిడ్డతో మామూలు కబుర్లు చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చునని చెప్పాలి. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పు అని ఆగాలి, మధ్యలో మాట అందించకూడదు. వినడానికి ఇంత సులువుగా ఉన్నది చెయ్యడానికి ఎంత కష్టమో బిడ్డ మౌనం ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

హంట్స్‌విల్ ఇంటినీ ఈ కొత్త జాగ్రత్తనూ కలిపి ఒక చట్టబద్ధమైన సంస్థగా మలిచింది ఐస్‌లాండ్. బ్రాగి గుడ్‌బ్రాండ్సన్ చొరవతో 1998లో రేక్‌జావిక్‌లో ‘బార్నాహుస్’ మొదలైంది. ఇళ్ల మధ్య ఇల్లు. బిడ్డ ఒక గదిలో శిక్షణ పొందిన ఒక్క మనిషితో మాట్లాడుతుంది. పక్క గదిలో తెర ముందు న్యాయమూర్తి, పోలీసు, ప్రాసిక్యూటర్, ముద్దాయి తరఫు వకీలు, బిడ్డ తరఫు వకీలు కూర్చుంటారు. వాళ్లు అడగదలచుకున్న ప్రశ్నలను ఆ ఒక్క మనిషి ద్వారానే అడిగిస్తారు. అంతా రికార్డవుతుంది, అదే విచారణలో సాక్ష్యం. వైద్యపరీక్ష, తర్వాతి చికిత్స అదే కప్పు కింద. స్వీడన్ 2005లో, నార్వే 2007లో దీన్ని అందుకున్నాయి. డెన్మార్క్ 2013లో చట్టంలోనే పెట్టుకుంది. ముద్దాయి వకీలును మొదటి రోజే ఆ పక్క గదిలో కూర్చోబెట్టడం ఐస్‌లాండ్ చేసిన అన్నిటికంటే తెలివైన పని అని నా అభిప్రాయం. బిడ్డకు మేలు చేస్తే ముద్దాయికి అన్యాయం జరుగుతుందన్న తగువు అక్కడ సగం తీరిపోయింది.

ఆ తగువు మిగతా దేశాల్లో చాలాకాలం నడిచింది, అందులో న్యాయమైన భాగం ఉంది. తన మీద నింద వేసినవారిని ప్రశ్నించే హక్కు ముద్దాయికి లేకపోతే విచారణకు అర్థం లేదు. సాక్షికీ ముద్దాయికీ నడుమ తెర కట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1988లో కోయ్ కేసులో అంది. రెండేళ్లకే మేరీలాండ్ వర్సెస్ క్రెయిగ్ కేసులో, ఆ బిడ్డకు నిజంగా అవసరమని తేలితే టీవీ ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చునని 5-4 మెజారిటీతో ఒప్పుకుంది. మన సుప్రీంకోర్టు 2004లో సాక్షి అనే సంస్థ వేసిన పిటిషన్ మీద తీర్పు చెబుతూ ఈ ముడిని ఇంకా తేటగా విప్పింది. సాక్ష్యం ముద్దాయి సమక్షంలో నమోదు కావాలని చట్టం చెబుతోంది; బాధితురాలు అతని ముఖం చూస్తూ చెప్పాలని ఎక్కడా అనలేదు. కాబట్టి తెర కట్టవచ్చు, అడ్డప్రశ్నలు రాసి న్యాయాధికారికి ఇస్తే ఆయనే మర్యాదైన మాటల్లో అడగవచ్చు, బిడ్డకు మధ్యమధ్య విరామం ఇవ్వాలి. ముద్దాయి ప్రతి మాటా వింటాడు, అతని ప్రశ్న ప్రతిదీ బిడ్డకు చేరుతుంది. పోయేది బెదిరించే చూపు ఒక్కటే. దాన్ని హక్కు అని మన చట్టం అనదు.

1997లో వేసిన ఆ పిటిషన్‌కు తీర్పు రావడానికి ఏడేళ్లు పట్టింది, తీర్పు చట్టంగా మారడానికి మరో ఎనిమిదేళ్లు. ఆ నడుమ 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనం వచ్చింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 12,447 మంది పిల్లలను అడిగితే 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నామన్నారు. వారిలో ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. మన ఇళ్లలో ఇలాంటివి జరగవని చెప్పుకునే వీలు ఆ తర్వాత ఎవరికీ లేకుండాపోయింది. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం మూడో చోటుకు కావాల్సినవి దాదాపు అన్నీ రాసిపెట్టింది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకూ మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫారం వేసుకోకూడదు. రాత్రిపూట బిడ్డను ఠాణాలో ఉంచకూడదు. కోర్టులో వకీళ్లు నేరుగా బిడ్డను ప్రశ్నించరాదు, జడ్జి ద్వారానే అడగాలి. మాటిమాటికీ కోర్టుకు పిలవరాదు. కేసు చేపట్టిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలి. కాగితం మీద ఇది ఏ దేశపు చట్టానికీ తీసిపోదు.

కాగితానికి గోడలు కట్టే పని మెల్లగా సాగింది. ఢిల్లీ కర్కర్‌డూమా కోర్టులో 2012 సెప్టెంబరులో బలహీన సాక్షుల కోసం ప్రత్యేక ప్రాంగణం తెరిచారు. ప్రతి హైకోర్టు పరిధిలో ఇలాంటివి కనీసం రెండైనా ఉండాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది; ప్రతి జిల్లాలో ఒకటి ఉండాలని 2022 జనవరిలో చెప్పి, పర్యవేక్షణకు జస్టిస్ గీతా మిత్తల్ అధ్యక్షతన కమిటీ వేసింది. తెలుగునేల మీద ముందడుగు హైదరాబాద్‌ది. 2016లో నగర పోలీసులు హాకా భవన్‌లో భరోసా కేంద్రం తెరిచారు. పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే. రెండేళ్లకు దానికి అనుబంధంగా పిల్లలకు అనువైన కోర్టూ వచ్చింది. ఆ నమూనా తర్వాత తెలంగాణలో ఇతర చోట్లకూ వెళ్లింది. పోలీసులే నడిపే కేంద్రం నిజంగా మూడో చోటవుతుందా అని ఎవరైనా అడిగితే, అది సరైన ప్రశ్నే. యూనిఫారం తీసేసినా ఆ కేంద్రం పోలీసుశాఖదే. కానీ మరెవరూ ముందుకు రానప్పుడు వచ్చింది వాళ్లే. అక్కడి కౌన్సెలర్లకు కేసు గెలుపోటములతో సంబంధం లేని స్వతంత్రత ఇస్తే ఆ లోటు పూడుతుంది.

ఇంత ఖర్చు మన జిల్లాలు భరించగలవా అనేవాళ్లకు హంట్స్‌విల్ చరిత్రే జవాబు. అది ఒక మామూలు ఇంటితో మొదలైంది. ఖరీదైనది రంగుల గది కాదు, నేర్చుకున్న మనిషి. ఆ మనిషిని తయారుచేసి, ఏళ్లతరబడి అదే పనిలో ఉంచగలగాలి. మనం ఇప్పటిదాకా గదుల మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టలేదు. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. ఇన్ని ఏర్పాట్లు చేసినా మన దగ్గర బిడ్డ ఇప్పటికీ పోలీసుకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, కోర్టుకు విడివిడిగా చెప్పాల్సిందే. వాంగ్మూలాన్ని వీలైతే వీడియో తీయాలని పోక్సో 26వ సెక్షన్ అంటోంది గానీ, ఆ వీడియో కోర్టులో బిడ్డ మొదటి సాక్ష్యానికి బదులు నిలవదు. వైకల్యం ఉన్న బాధితుల విషయంలో మాత్రం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2013లో చేసిన సవరణ ఆ పని చేసింది. మేజిస్ట్రేటు ముందు వీడియోలో ఇచ్చిన వాంగ్మూలమే వారి మొదటి సాక్ష్యం, దాని మీద అడ్డప్రశ్నలు వేస్తే సరిపోతుంది. ఆ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 183వ సెక్షన్ కూడా దాన్ని అలాగే ఉంచింది. ఆ వెసులుబాటును పిల్లలందరికీ వర్తింపజేయడానికి కొత్త భవనమూ అక్కర్లేదు, కొత్త సిద్ధాంతమూ అక్కర్లేదు. ఉన్న సెక్షన్‌లో ఒక పదం చేర్చాలి. పార్లమెంటు ఆ పదం చేర్చాలి. ఈలోగా మన రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులూ ప్రతి జిల్లా కేంద్రంలో బలహీన సాక్షుల గది తెరిచి ఉందా, అందులో అడగడం తెలిసిన మనిషి ఉన్నారా అని ఏటా లెక్క అడగాలి.