నల్ల గౌను, తెల్ల ఏప్రన్

మా అక్క కూతురికి హోటల్లో ఉద్యోగం వచ్చిందనగానే అక్క ముఖం చిన్నబోయింది. "డిగ్రీ చదివించింది పదిమందికీ కాఫీలు అందించడానికా?" అని ఒకటే సణుగుడు. వారం తిరక్కుండా ఆ పిల్ల యూనిఫారం చీర పట్టుకుని నా దగ్గరకొచ్చింది. తొలి ఉతుక్కే అంచు రంగు చీరంతా పాకింది. పైగా దాని ఖరీదు జీతంలోంచి కోసుకున్నారట!

"ఏం చెయ్యను పిన్నీ?" అంది కళ్ళనీళ్ళతో.

ఆ చీర తీగ మీద ఆరేస్తుంటే నాకు హార్వే అమ్మాయిలు గుర్తొచ్చారు. వాళ్ళెవరంటారా? చెబుతాను.

ఫ్రెడ్ హార్వే అని ఒక ఇంగ్లీషాయన. పదిహేడేళ్ళ ప్రాయంలో అమెరికా వెళ్ళి, న్యూయార్కులో ఒక హోటల్లో అంట్లు తోమి పైకొచ్చాడు. ఆ రోజుల్లో రైలు ప్రయాణంలో తిండి మహా ఘోరంగా ఉండేదట. ఆ బాధేదో తీరుద్దామని 1876లో కాన్సాస్ రాష్ట్రం టొపేకా స్టేషన్లో శుభ్రమైన భోజనశాల పెట్టాడు. శాంటాఫే రైలు మార్గం పొడుగునా అలాంటివి వెలిశాయి. అయితే న్యూమెక్సికోలోని రేటన్‌లో వడ్డించే మగవాళ్ళు తాగి కొట్టుకుంటుంటే, 1883లో వాళ్ళని పంపించేసి ఆడపిల్లల్ని పెట్టుకున్నాడు. "పద్ధెనిమిది నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు, మంచి నడవడి గల యువతులు కావలెను" అని పత్రికల్లో ప్రకటనలు!

మరి ఆడపిల్లని ఊరుగాని ఊరికి, అందులోనూ హోటల్ పనికి, ఏ తల్లి పంపుతుంది? మా అక్కలాంటి వాళ్ళు అక్కడా ఉంటారు కదా. అందుకే ఆ దుస్తుల్లో అంత పట్టింపు. ఒంటినిండా నల్ల గౌను, మెడదాకా కాలరు, నల్ల మేజోళ్ళు, జుట్టుకి తెల్ల రిబ్బను, గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల ఏప్రన్. ముఖానికి రంగులు పూయకూడదు. రాత్రి పదింటికల్లా వసతిగృహం చేరాలి. చూసినవాళ్ళకి 'ఈ పిల్ల మర్యాదస్థురాలు' అని ఆ బట్టలే చెప్పాలన్నమాట. నెలకి పదిహేడున్నర డాలర్లు జీతం, టిప్పులు, భోజనం, వసతి. అన్నట్టు, బట్టలుతికించే ఖర్చూ కంపెనీదే!

ఆ దుస్తుల్లో ఇంకో తెలివుంది. మరకపడేది ఏప్రన్ మీద. అది చిన్న గుడ్డ. విప్పి ఇంకోటి కట్టుకోవచ్చు, తెల్లది గనక ఉడకేసి ఉతకొచ్చు. గౌను మాత్రం ఏళ్ళతరబడి మన్నుతుంది. మనం వంటింట్లో నడుముకి తువ్వాలు చుట్టుకోమూ? సూత్రం అదే.

1925లో లండన్‌లో లయన్స్ టీషాపుల వాళ్ళూ ఆ నలుపు తెలుపులే పట్టుకున్నారు. గట్టిదనానికి పేరుపడ్డ అల్పాకా బట్టతో గౌను, ఎర్రదారంతో కుట్టిన రెండు వరసల ముత్యాల గుండీలు, ఎర్ర అక్షరమున్న తెల్ల టోపీ. చురుగ్గా తిరుగుతారని ఆ పిల్లలకి 'నిప్పీ' అని పేరు.

అంతా బంగారమేం కాదు లెండి. హార్వే కొలువు మొదట తెల్లజాతి పిల్లలకే. మెక్సికన్, ఆదివాసి యువతులకి విరివిగా చోటు దొరికింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే. ఒప్పందం ముగిసేదాకా పెళ్ళి కూడా కూడదు. అయినా ఎందరో ఆడపిల్లలు సొంత సంపాదనతో మొదటిసారి గడప దాటింది ఆ నల్ల గౌనుతోనే. 1946లో జూడీ గార్లండ్‌తో వాళ్ళమీద సినిమా కూడా వచ్చింది.

ఇదంతా విని మా పిల్ల కళ్ళు తుడుచుకుంది. "బట్టలుతికించే ఖర్చు కూడా వాళ్ళదేనా పిన్నీ?" అని రెట్టించి అడిగింది. మర్నాడు తోటి పిల్లల్ని వెంటేసుకుని మేనేజరు దగ్గరకెళ్ళింది. నేను చెప్పమన్నవి రెండే మాటలు: పాలిస్టరూ నూలూ కలిసిన ముదురు రంగు చీర అయితే నలగదు, మన్నుతుంది, ఇరవై చీరలు కొనేముందు ఒక కొంగు తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూసుకుంటే రంగు సంగతి తేలిపోతుంది. మూడో మాట అదే కలుపుకుంది: "పని మీది, బట్ట కూడా మీదే. మా జీతంలో కొయ్యకండి."

కోసిన డబ్బు మళ్ళీ జీతంలో కలిపారు. కొత్త చీరలింకా రాలేదు. మా అక్క మాత్రం ఇప్పుడు కూతురి పాత చీరకి తనే గంజిపెట్టి ఇస్త్రీ చేసిస్తోంది.