మతిస్థిమితం – నేర బాధ్యత

మతిస్థిమితం లేని స్థితిలో మనిషి చేసిన పనికి శిక్ష వేయకూడదన్నది నేరన్యాయంలో చాలా పాత సూత్రం. భారతదేశంలో 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్ దీనికి ఆధారంగా ఉండేది. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలోకి భారతీయ న్యాయసంహిత 22వ సెక్షన్ వచ్చింది. నంబరు మారింది గానీ సారం మారలేదు. పని చేసే సమయంలో, మతిస్థిమితం లేకపోవడం వల్ల, తాను చేస్తున్నది ఏమిటో తెలుసుకోలేని వాడు, లేదా అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని వాడు చేసింది నేరం కాదు. అయితే నేరం కాదని తీర్పు రావడం వేరు, ఆ మనిషి ఇంటికి చేరడం వేరు. ఈ అంశపు చరిత్రలో ఎక్కువ భాగం ఆ రెంటి మధ్య దూరంలోనే నడిచింది.

మాటల విషయం ఒకటి ముందే చెప్పుకోవాలి. తెలుగులో పిచ్చి అన్న మాట కోర్టుకు పనికిరానంత విశాలమైనది. సినిమా పిచ్చి, పిల్లలంటే పిచ్చి, పిచ్చి కోపం అన్నీ అందులోనే ఒదుగుతాయి. మానసిక ఆసుపత్రి అక్కడ ఉన్నందున హైదరాబాదులో ఎర్రగడ్డ అన్న పేరే తిట్టుగా చెల్లుతుంది. చట్టం ‘మతిస్థిమితం లేకపోవడం’ అంటుందే కాని దానికి నిర్వచనం ఇవ్వలేదు. అది రోగం పేరు కాదు. డాక్టరు స్కిజోఫ్రీనియా అని రాసిచ్చిన మనిషినైనా కోర్టు శిక్షించవచ్చు. ఏ రోగం పేరూ తేలని మనిషిని విడిచిపెట్టనూ వచ్చు. వైద్యుడి దృష్టిలో పిచ్చి ఒకటి, చట్టం దృష్టిలో పిచ్చి మరొకటి అని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెబుతూ వచ్చింది.

మన ప్రాచీన గ్రంథాల్లో దీని ఛాయలున్నాయి. నేరం ఒప్పించడానికి హింసించకూడని వారి జాబితాలో బాలురు, వృద్ధులు, రోగులతో పాటు ఉన్మత్తుణ్ని కూడా కౌటిల్యుడి అర్థశాస్త్రం చేర్చింది. ఇస్లామిక్ న్యాయంలో నిద్రలో ఉన్నవాడు, పసివాడు, మతి తప్పినవాడు ముగ్గురి లెక్కా రాయకుండా కలం పైకెత్తుతారన్న సంప్రదాయం ఉంది. కంపెనీ పాలన తొలిరోజుల్లో నేర విచారణకు ఈ న్యాయమే ఆధారం. కానీ ఈనాటి సెక్షన్‌కు మూలం ఈ రెండూ కావు. అది లండన్‌లో మొదలైంది, అదీ రాజకీయ హత్యాయత్నాల వరసతో.

1800 మే 15న డ్రూరీ లేన్ నాటకశాలలో జేమ్స్ హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు మూడో జార్జి రాజుపై పిస్తోలు పేల్చాడు. గురి తప్పింది. 1794లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధంలో అతని తలకు లోతైన కత్తి గాయాలయ్యాయి. తాను ప్రభుత్వం చేతిలో చనిపోతేనే లోకానికి రక్షణ అని నమ్మాడు. అంటే చేస్తున్న పని ఏమిటో, దానికి ఉరి పడుతుందనీ అతనికి తెలుసు. ఆ ఉరి కోసమే చేశాడు. అప్పటిదాకా న్యాయస్థానాల్లో నడిచిన పరీక్ష 1724 నాటిది: మనిషి అడవి మృగంలా ఏమీ ఎరగని స్థితిలో ఉంటేనే మినహాయింపు. హాడ్‌ఫీల్డ్ ఆ కొలతకు సరిపోడు. అయినా అతని తరఫు న్యాయవాది థామస్ అర్‌స్కిన్, పిచ్చికి అసలు లక్షణం సర్వం మరచిపోవడం కాదు, లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మడమేనని వాదించి గెలిచాడు. అదే ఏడాది పార్లమెంటు ఒక చట్టం చేసింది: ఇలా విడుదలైన వారిని రాజు ఇష్టం ఉన్నంత కాలం నిర్బంధంలో ఉంచవచ్చు. హాడ్‌ఫీల్డ్ 1841లో బెత్లెం పిచ్చాసుపత్రిలోనే చనిపోయాడు. మినహాయింపూ తాళమూ ఒకే ఏడాది పుట్టాయి.

1812లో ప్రధానమంత్రి స్పెన్సర్ పెర్సివల్‌ను కాల్చి చంపిన జాన్ బెల్లింగ్‌హాంకు ఆ పాటి అదృష్టం కూడా లేదు. మతి తప్పిందని చెప్పే సాక్షులు రావడానికి వాయిదా అడిగినా ఇవ్వలేదు. మే 11న హత్య, మే 18న ఉరి.

అసలు మలుపు 1843 జనవరి 20. గ్లాస్గోలో కొయ్యపని చేసుకునే డేనియల్ మెక్‌నాటన్, ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను వెనకనుంచి కాల్చాడు. పీల్ అనుకునే కాల్చాడని సాధారణంగా అంటారు. పీల్ పార్టీ వారైన టోరీలు తనను ఊరూరా వెంటాడుతున్నారని, నిద్ర పోనివ్వడం లేదని అతని నమ్మకం. విచారణలో వైద్యులు ఒకరి తర్వాత ఒకరు అతనికి మతి లేదనే చెప్పారు. ప్రాసిక్యూషన్ ఎదురు వైద్యుణ్ని ఒక్కణ్నీ తేలేకపోయింది. ప్రధాన న్యాయమూర్తి టిండల్ దాదాపు విచారణను ఆపేసినంత పని చేశాడు. జ్యూరీ విడిచిపెట్టింది. పత్రికలు మండిపడ్డాయి. మూడేళ్ల కిందటే తనపై కాల్పులు జరిపిన ఎడ్వర్డ్ ఆక్స్‌ఫర్డ్ కూడా ఇలాగే బయటపడ్డాడన్న గుర్తు విక్టోరియా రాణికి ఇంకా పచ్చిగానే ఉంది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిపించి ఐదు ప్రశ్నలు వేసింది. వాళ్లిచ్చిన జవాబులే మెక్‌నాటన్ నియమాలు.

ఈ నియమాలు ఏ కేసులోనూ వెలువడిన తీర్పు కాదు. కోపంగా ఉన్న సభకు ఇచ్చిన సంజాయిషీ లాంటివి. వాటి ప్రకారం కొలిస్తే మెక్‌నాటన్‌కే శిక్ష పడేదని తర్వాతి కాలంలో చాలామంది రాశారు. ఎందుకంటే తాను మనిషిని కాలుస్తున్నానని, అది చట్టవిరుద్ధమని అతనికి తెలిసే అవకాశం ఉంది. విడిచిపెట్టారన్నారు గానీ అతను వీధి ముఖం చూడలేదు. బెత్లెంలో ఇరవై ఏళ్లు గడిపి, కొత్తగా తెరిచిన బ్రాడ్‌మూర్‌కు మారి, 1865లో అక్కడే పోయాడు.

ఈ కథ భారతదేశానికి చేరిన దారి చెప్పుకోదగ్గది. మెకాలే కమిషన్ 1837లో సిద్ధం చేసిన శిక్షాస్మృతి ముసాయిదాలో ఈ అంశంపై రెండు చిన్న వాక్యాలున్నాయి. ఒకటి పుట్టుకతో బుద్ధి ఎదగని వారి గురించి. రెండోది, పిచ్చివల్లనో సన్నివల్లనో చేసిన పని నేరం కాదని. తెలిసిందా తెలియదా అన్న పరీక్ష అందులో లేదు. పనికి పిచ్చి కారణమా కాదా, అంతే. ఆ ముసాయిదా రెండు దశాబ్దాలు బీరువాలో మగ్గింది. బార్న్స్ పీకాక్ దాన్ని సవరించి చట్టం చేసేనాటికి మెక్‌నాటన్ నియమాలు వచ్చేశాయి. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన 84వ సెక్షన్ వాటి అచ్చులోనే పోతపోసినది. మెకాలే వాక్యం మిగిలి ఉంటే మన కోర్టుల్లో వాదన వేరే దారిలో నడిచేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1872 సాక్ష్య చట్టం ఇంకో ముడి వేసింది. దాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, రోగం వల్ల తనను తాను అదుపు చేసుకోలేని వాడికీ మినహాయింపు ఉండాలని తర్వాత ఇంగ్లండులో వాదించినవాడే. కానీ ఆ చట్టంలోని 105వ సెక్షన్ మతి తప్పిందని రుజువు చేసుకునే భారాన్ని ముద్దాయి మీదే పెట్టింది. ఆ సెక్షన్‌కు ఇచ్చిన మొదటి ఉదాహరణ కూడా సరిగ్గా ఇదే: హత్యానేరం మోపబడిన వ్యక్తి తనకు మతి లేదంటే నిరూపించాల్సింది అతనే. మతి లేనివాడు తనకు మతి లేదని నిరూపించాలి. పైగా ఆ సాక్ష్యం కుటుంబం తేవాలి. చాలా కేసుల్లో చనిపోయింది ఆ కుటుంబంలో మనిషే.

కోర్టులు ఈ సెక్షన్‌ను ఎలా చదివాయో కొన్ని కేసుల్లో కనిపిస్తుంది. 1896లో కలకత్తా హైకోర్టు ముందుకు కాదర్ నస్యర్ షా కేసు వచ్చింది. ఇల్లు కాలి, ఆస్తి పోయి, అప్పటినుంచి మనిషి మారిపోయాడు. తాను ముద్దుచేసే పిల్లవాణ్నే కారణం లేకుండా చంపాడు. కానీ శవాన్ని దాచే ప్రయత్నం చేశాడు, అడవిలో దాక్కున్నాడు. దాచాడంటే తప్పని తెలుసు కదా అన్నది కోర్టు తర్కం. మనసు, భావోద్వేగం, సంకల్పం దెబ్బతిన్నా తెలివి మిగిలి ఉంటే ఈ సెక్షన్ వర్తించదని తేల్చి, శిక్ష ఖాయం చేసింది. 1949లో అదే హైకోర్టు అషీరుద్దీన్ కేసులో వేరేలా చెప్పింది. కలలో ఆజ్ఞ వచ్చిందని కొడుకును మసీదులో బలిచ్చిన తండ్రి అతను. చేసేది పుణ్యకార్యమని నమ్మాడు కాబట్టి తప్పని తెలియదని విడిచిపెట్టింది. మొదటివాడు దాక్కున్నాడు, రెండోవాడు దాక్కోలేదు. తీర్పుల మధ్య తేడా చాలావరకు అక్కడే ఉంది. నేరం తర్వాతి ప్రవర్తనను పట్టుకుని నేరం నాటి మనసును ఊహించడం నేటికీ మన కోర్టుల అలవాటు.

భారం బరువును కొంత తగ్గించిన తీర్పు 1964లో వచ్చింది. దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు తరఫున రాసినవారు రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు. ప్రతి మనిషికీ మతి ఉందనే చట్టం అనుకుంటుంది, నిజమే. కాని దాన్ని తోసిపుచ్చడానికి ముద్దాయి తెచ్చే సాక్ష్యం సివిల్ దావాలో లాగా మొగ్గు చూపితే చాలు. అంత చూపలేకపోయినా, ఆ సాక్ష్యం అతనికి నేర ఉద్దేశం ఉందా లేదా అన్న సందేహం రేపితే ఆ లాభం అతనిదే. ఎందుకంటే ఉద్దేశాన్ని రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూషన్‌ను వదిలిపోదు. ఇంత చెప్పిన ఆ కేసులో ముద్దాయి వాదన మాత్రం నెగ్గలేదు. భార్యను చంపిన నేరానికి పడిన శిక్ష నిలిచింది. దాని ఫలం తర్వాతి వారికి దక్కింది. ఎండుగడ్డికి నిప్పుపెట్టి, ఎందుకు చేశావంటే ‘నేనే తగలబెట్టాను, ఏం చేసుకుంటారో చేసుకోండి’ అన్న రతన్‌లాల్‌ను 1970లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. భార్యను రుబ్బురాయితో కొట్టి చంపిన మహారాష్ట్ర కానిస్టేబుల్‌కు ముందునుంచీ స్కిజోఫ్రీనియా చికిత్స నడుస్తున్నదని గుర్తించి 2002లో మినహాయింపు ఇచ్చింది. 2007లో బాపు కేసులో పోలీసులకు ఒక బాధ్యత గుర్తుచేసింది: దర్యాప్తులో పూర్వపు మానసిక రోగం బయటపడితే నిందితుణ్ని వైద్య పరీక్షకు పంపి ఆ ఫలితాన్ని కోర్టు ముందు పెట్టాలి. అలా చేయకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులోనే లోపం.

ఇదంతా నేరం నాటి మనసు గురించి. విచారణ నాటి మనసు వేరే సమస్య. తన తరఫున చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాణ్ని విచారించకూడదు. కోలుకునే దాకా ఆపాలి. వినడానికి దయగా ఉండే ఈ నియమమే ఎక్కువ జీవితాలను మింగింది. అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్‌ను 1951లో గాయపరిచిన కేసులో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. తర్వాత నయమైందన్నా అతని ఫైలు ఎవరూ తెరవలేదు. విచారణే జరగకుండా 54 ఏళ్లు గడిచి 2005లో ఒక్క రూపాయి పూచీకత్తుపై బయటికొచ్చాడు. రెండేళ్లకు చనిపోయాడు. అంతకుముందే 1982లో వీణా సేథీ కేసులో హజారీబాగ్ జైలులో మతి తప్పారన్న పేరుతో దశాబ్దాలుగా పడి ఉన్న ఖైదీల సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1993లో షీలా బర్సే కేసులో, అసలు నేరమే చేయని మానసిక రోగులను జైల్లో పెట్టడం చట్టవిరుద్ధమని ప్రకటించింది. మానసిక రోగులపై ఉన్న 1912 నాటి చట్టం నీడలో అప్పటిదాకా అదీ నడిచింది.

మరణశిక్ష పడ్డాక మతి తప్పితే? 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మారుస్తూ, తీవ్ర మానసిక రోగం కూడా శిక్ష తగ్గించదగ్గ కారణమేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన తీర్పు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. రోగి గోప్యత కోసం ముద్దాయి పేరు రాయకుండా ‘ఎక్స్’ అని మాత్రమే పెట్టారు. శిక్ష పడిన తర్వాత వచ్చిన రోగమైనా, అది తీవ్రమైనదైతే ఉరి తీయకూడదని తేల్చి, జీవితాంతం జైలు విధించి, చికిత్స బాధ్యత రాష్ట్రానిదని ఆదేశించింది. అందుకు ఆధారం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షన్. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ఆ సెక్షన్ అంటుంది.

2023 ఆగస్టులో పాత శిక్షాస్మృతిని మార్చే బిల్లు వచ్చినప్పుడు ‘మతిస్థిమితం లేకపోవడం’ బదులు ‘మానసిక అనారోగ్యం’ అన్న మాట పెట్టారు. చూడటానికి నాగరికంగా ఉంది. కానీ 2017 చట్టంలో ఆ మాటకున్న నిర్వచనంలో మద్యం, మత్తు పదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులూ ఉన్నాయి; బుద్ధిమాంద్యం మాత్రం లేదు. అంటే తాగుబోతుకు తలుపు తెరుచుకుని, బుద్ధి ఎదగని వాడికి మూసుకునే ప్రమాదం. పార్లమెంటు స్థాయీ సంఘం అభ్యంతరం చెప్పింది. డిసెంబరులో ఆమోదం పొందిన పాఠంలోకి పాత మాటే తిరిగొచ్చింది.

విడుదల సంగతి, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే 2023 భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ పాత పద్ధతిలోనే ఉంది. మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేలినా, ఆ పని చేసింది ఇతనేనా కాదా అన్నది కోర్టు రాసి తీరాలి. ఇతనే చేశాడని తేలితే ఆ తర్వాత రెండే దారులు. సురక్షిత నిర్బంధంలో ఉంచడం ఒకటి. దరఖాస్తు పెట్టుకుని, జామీను ఇచ్చి, తన మీదా ఇతరుల మీదా దాడి చేయకుండా చూసుకుంటామని పూచీపడే బంధువుకో మిత్రుడికో అప్పగించడం రెండోది. నిర్బంధంలోకి వెళ్లినవాణ్ని వదిలితే ప్రమాదం లేదని అధికారులు ధ్రువపత్రం ఇవ్వాలి. వదలాలా వద్దా అన్నది ఆపైన రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దరఖాస్తు పెట్టే మనిషి లేనివాడికి మొదటి దారే మిగులుతుంది.