పెంటయ్య అని ఎందుకు పెట్టారు?

బడిలో హాజరు పిలిచేటప్పుడు పెంటయ్య అనే పేరు రాగానే వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వడం చాలామంది చూసే ఉంటారు. ఆ నవ్వు వింటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. తెలుగునాట మగపిల్లవాడికి ఇంతకంటే అపురూపంగా పెట్టుకున్న పేరు లేదు మరి.

పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఈసారైనా దక్కాలని పెట్టే పేరిది. ఇద్దరో ముగ్గురో పోయాక మళ్లీ కాన్పు. మగబిడ్డ. సంబరం ఎవరూ పైకి చూపించరు. బిడ్డను పాతగుడ్డలో చుట్టి, చేటలో పడుకోబెట్టి, పెరట్లో పెంటకుప్ప మీద పెట్టేవారు. ముందే మాట్లాడిపెట్టుకున్న పొరుగింటావిడో మంత్రసానో అటుగా వచ్చి, ‘ఎవరో పారేసి పోయారమ్మా’ అంటూ ఎత్తుకునేది. తల్లి ఎదురొచ్చి దోసెడు తవుడో నూకలో ఇచ్చి కొనుక్కునేది. అప్పటినుంచి వాడు ఆమె కడుపున పుట్టినవాడు కాదు, కుప్ప మీద దొరికినవాడు. మృత్యువుకు ఆ ఇల్లు తెలుసు, ఆ కడుపు తెలుసు. వీడు మాత్రం ఆ లెక్కలోకి రాడని ఆమె ఆశ. కొన్నిచోట్ల గుర్తుగా ముక్కు కూడా కుట్టేవారు.

కుప్ప మీద దొరికితే పెంటయ్య. తవుడికి కొంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్య, తవిటినాయుడు. తిని పారేసిన విస్తరిని పుల్లాకు అంటారు కదా, ఆ ఎంగిలాకుల మీద పొర్లిస్తే పుల్లయ్య. బిచ్చమెత్తి తెచ్చుకున్న బిడ్డ అనుకుంటే బిచ్చయ్య, భిక్షమయ్య. ఆడపిల్లలైతే పెంటమ్మ, పుల్లమ్మ, తవిటమ్మ. ఇది మన ఒక్కరి ఆచారమూ కాదు. తమిళుల కుప్పుస్వామిలో ఉన్నదీ చెత్తకుప్పే. బెంగాలీల్లో తీన్‌కడి అంటే మూడు గవ్వలకు కొన్నవాడని.

అంత భయం ఎందుకో తెలియాలంటే ఆనాటి పురిటిగది తెలియాలి. బొడ్డు కోసేది కొడవలితోనో, వెదురుబద్దతోనో. పుట్టిన వారానికల్లా బిడ్డ దవడలు బిగుసుకుపోయేవి, పాలు తాగలేకపోయేది, ఒళ్లు విల్లులా వంగిపోయేది. అది ధనుర్వాతం. దాని క్రిమి మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటుందన్న సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. బతకాలని బిడ్డను తీసుకెళ్లి పెట్టిన చోటే ఆ క్రిమి ఉండే చోటు. ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు ఆ ఆచారం మీద కోపం రాదు, ఏడుపొస్తుంది. పసికందుల ధనుర్వాతాన్ని మన దేశం అదుపులోకి తెచ్చిందని ప్రకటించింది 2015లో. 1971లో కూడా వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28కి దిగింది. అమ్మవారు పోసి పోయిన పిల్లలకైతే లెక్కే లేదు. ఆ మశూచి 1975 తర్వాత మన దేశంలో మళ్లీ కనబడలేదు.

పెంట అనే మాటను కూడా పట్టణం నుంచి చూసి తీసిపారేయకూడదు. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేది ఆ కుప్పనే. ఏడాదంతా పోగేసిన పేడ, బూడిద, కసువు మాగి నల్లగా పొడిపొడిగా రాలుతుంటే, చేతిలోకి తీసుకుని చూసిన రైతు ముఖంలో అసహ్యం ఉండదు. పనికిరానిది అనిపించుకుంటూనే పంటకు ప్రాణం పోసే వస్తువు అది.

ప్రతి పెంటయ్యనూ, ప్రతి పుల్లయ్యనూ కుప్ప మీదా ఆకుల మీదా పెట్టారనీ అనుకోకూడదు. తాత పేరు మనవడికి వచ్చే ఇళ్లు మనవి. ఒక్కసారి ఇంట్లో అడుగుపెట్టిన పేరు, భయం పోయాక కూడా గౌరవంగా నడిచింది. 1934లో ‘లవకుశ’ తీసిన సి. పుల్లయ్య, 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’ తీసిన పి. పుల్లయ్య పేర్లు తెరమీద పడితే ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు. పిల్లలు దక్కుతున్నారు, అంతకన్నా కావలసిందేముంది? ఆ పేరున్న పెద్దలు మాత్రం ఇంకా మన మధ్య ఉన్నారు. పట్టాదారు పాసుపుస్తకంలో, పింఛను కాగితంలో మీ తాత పేరు పెంటయ్య అనో తవిటయ్య అనో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక్కమాట అడగండి: ఆయనకు ముందు ఎవరెవరు పుట్టారు అని. పేర్లు గుర్తుంటే ఆ పోయినవాళ్ల పేర్లూ రాసిపెట్టండి.